ఆకలి మీద ఇస్రాయేలు స్పీచ్

కల్వకుర్తి బస్సు అడ్డా కాడ సాయిలు చాయ్ హోటల్ ఉన్నది. పొద్దుగాల దాని బల్లలన్ని నిండినయంటె, కాంపౌండర్ ఇస్రాయేలు దవాఖానకు పోయేముందు అక్కడ ఆగిండన్నట్టు. ఆ దినం పాలమూరు నుంచి కొల్లాపూర్ పోయే, బొగ్గుతోని నడిచే బస్సు పొగ ఇడుస్తున్నది తప్ప కదుల్త లేదు. డ్రైవరు బొగ్గు రాజేసెదాంక దిగినోళ్ళంత హోటల్లకు వచ్చిండ్రు. కొత్త మొఖాలు కనవడంగనె ఇస్రాయేలు గ్లాసు కింద పెట్టిండు.

"దేశాల నడుమ లడాయి నడిచే దినాల ముచ్చట. నేను అప్పుడు పాలమూరుల డాక్టర్ సాబ్ కింద పనిచేస్తున్న. మందులు నూరుడు, పట్టీలు కట్టుడు, గంతె నా పని. గా ఊర్ల చదువుకున్న పెద్దలు ఒక సంఘం పెట్టుకున్నరు, భోజన భాషణ సంఘమని. వకీళ్ళు, ఇంజినీరు, పెద్దబడి హెడ్‌మాస్టరు, మా డాక్టరు. శుక్కురారం జుమ్మా అని కచేరీలు బంద్ ఉంటయి గద, ఆ మధ్యాన్నం వకీలు సీతాపతిరావు ఇంట్ల అందరు కల్సి తింటరు. తిన్నంక చిట్టీలు తీస్తరు. ఎవని పేరు వస్తె వాడు, ఏ ముచ్చట వస్తె దాని మీద లేసి మాట్లాడాలె. గసొంటి సభల నేను మాట్లాడిన."

"నిన్నెవలు పిలిచిండ్రు?" అని అడిగిండు జంగయ్య. ఆయన పంటి మందు కోసమని ఊరి నుంచి వచ్చిన రైతు, చాయ్ కాడ ఇరుక్కున్నడు.

"పిలువలే. మా డాక్టర్‌కు ఆత్మకూర్ దిక్కు గత్తర లేసింది, వాంతులు బేదులని కబురొస్తె పోయిండు. నేను రాను, గీ మాట చెప్పి రా అని నన్ను తోలిండు. నేను చెప్పి వాపస్ తిరుగుతున్న. ఖాళీ కుర్చీతోని సభ మొదలు పెట్టొద్దని వాళ్ళ కానూన్ అట. వాళ్ళే రాసుకున్నరు, ఇప్పుడేం చేస్తరు? ఒకని మొఖం ఒకడు చూసుకున్నరు. ఆఖరికి వకీలు, కూసో ఇస్రాయేలు అన్నడు. కూసున్న. నా పక్కన ఒక జమీందార్ల వకీలు ఉండె. నేను కూసోంగనె తన కుర్చీ జానెడు అవుతలికి జరుపుకున్నడు. ఎందుకో తెలుసా? నా భుజాలు గంత పెద్దగ కనవడ్డయి ఆయనకు. జాగా సాలదనుకున్నడు."

సాయిలు నవ్వుకుంట చాయ్ వడగట్టిండు.

"ఇగ పూరీలు వచ్చినయి. మొదాలు నాలుగు తిన్న, మర్యాద ఉండాలె గద. ఆ తర్వాత నలభై తిన్న. వడ్డించెటాయన చేతులు కాయలు కాసినయి. పక్కన ముళ్ళ చెంచ పెట్టిండ్రు, అదెందుకో నాకు తెల్వదు, హెడ్‌మాస్టర్‌ను చూసి చేద్దామంటె ఆయన నన్ను చూస్తున్నడు. సరే అని దాంతోని వీపు గోక్కున్న. మరుసటి వారం నుంచి పాలమూరుల వకీళ్ళంత వీపు దాంతోనే గోక్కున్నరు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చిట్టి తీసిండ్రు. నా పేరు వచ్చింది."

"నీ పేరు అండ్ల ఎట్లుంటది?"

"డాక్టర్ పేరు ఉండె. డాక్టర్ కుర్చీల ఎవడు కూసుంటె డాక్టర్ చిట్టి వానిదే. అండ్ల ముచ్చట ఏందంటె, ముల్కుల, అంటె దేశమంత, ఆకలి పోవాల్నంటె ఏం చెయ్యాలె. నేను లేసిన. అబద్ధమెందుకు, మోకాళ్ళు వణికినయి. గట్లిట్ల వణుకుడు కాదు. బల్ల మీది గ్లాసులు మోగినయి, ఇంటి మీది పెంకులు జారినయి, స్టేషన్ల స్టేషన్‌మాస్టర్ గా చప్పుడు ఇని, మాలు బండి వస్తాందని సిగ్నల్ దించిండు. సిగ్నల్ దించిండ్రని చూసి గద్వాల బండి గంట ముందుగల్ల వచ్చింది. నిజాం రైలు టైముకంటె ముందు వచ్చుడు గదే మొదలు, గదే ఆఖరు. నా భయంతోని."

"మరి చెమట?" అని అందించిండు సాయిలు.

"చెమట ముచ్చట చెప్పొద్దనుకున్న. ఆ యేడు వానల్లేవు. వకీలు ఇంటెనక బాయి ఎండిపొయ్యి ఉండె. నేను కూసునేటాళ్ళకు అండ్ల నిలువెత్తు నీళ్ళు. జర ఉప్పగ ఉన్నయని వకీలు కోడండ్లు నోరు చేసుకున్నరు గని, తోటకూర మస్తు పెరిగింది. సరే, మాట మొదలు పెడ్దామంటె మొదటి మాట యాదికి వస్త లేదు. ఎంత ఎతికినా దొరకలే. రెండో మాట నుంచి మొదలు పెట్టిన."

జంగయ్య చెంప పట్టుకోని నవ్విండు. పన్ను నొస్తున్నది, నవ్వు ఆగుత లేదు.

"మాట్లాడిన. ఇంజినీరు సాబ్ గడ్డం గీసుకోని వచ్చిండు, నేను నడిమిట్లకు వచ్చేటాళ్ళకు ఆయన గడ్డం రొమ్ము మీదికి దిగింది. గద్వాల బండి దిగినోళ్ళు వచ్చి కిటికీల కాడ నిలవడ్డరు. జడ్చర్ల సంతకు పోయే బండ్లు ఆగినయి, ఎడ్లు నెమరేసుడు బంద్ పెట్టి ఇన్నయి. కొల్లాపూర్ కాడ కృష్ణ ఆగింది. పుట్టి నడిపెటోళ్ళు నడిమిట్ల దిగి, నడుసుకుంట ఒడ్డుకు వచ్చిండ్రు. అసలు ముచ్చట ఇంక చెప్పనే లేదు. ఆకలి మీద మాట్లాడిన గద, ఇన్నోళ్ళందరికి కడుపులు నిండినయి. ఆకలి ఒక్కొక్క ఊరు ఇడిసిపెట్టుకుంట పోతాంది. పొయ్యిలు ఆరినయి, హోటళ్ళకు తాళాలు పడ్డయి. ఆఖరికి పట్నం నుంచి సర్కారు తార్, టెలిగ్రాం, వచ్చింది. ఇస్రాయేలుకు సలాం, స్పీచ్ జర ఆపుండ్రి, ముల్కుల కొంచెమన్న ఆకలి ఉండనియ్యుండ్రి, లేకుంటె ఎవ్వడు పనికి పోడు అని. సర్కారు మాట కాదనొద్దని ఆపేసిన. లేకుంటె సాయిలన్నా, ఇయ్యాల నీకు గీ హోటల్ ఉండకపోవు."

అందరు నవ్వుతుంటె, మూలకు గొంగడి కప్పుకోని చాయ్ తాగుతున్న ముసలాయన ఒకడు నవ్వలేదు. బస్సు దిగి వచ్చినోడే. గొంగడి తలమీది నుంచి తీసి, "పూరీలు రెండే తిన్నవు బిడ్డా" అన్నడు.

ఇస్రాయేలు తిరిగి చూసిండు. చూసి, చూపు దించుకున్నడు.

"నా పేరు బాలయ్య" అన్నడు ముసలాయన జంగయ్య దిక్కు తిరిగి. సీతాపతిరావు ఇంట్ల ఇరవై ఏండ్లు వంట చేసిండట. ఇప్పుడు పని చాతకాక కొల్లాపూర్‌ల చెల్లె ఇంటికి పోతున్నడట. ఆ దినం వడ్డించింది తనేనట.

"బస్సు పోతది పెద్దయ్యా" అన్నడు ఇస్రాయేలు.

"నిప్పు అంటలేదు ఇంక. స్పీచ్ ఎంతసేపు ఇచ్చిండనుకున్నరు? నేను ఒక పళ్ళెం తీసేటంతసేపు గూడ కాలే. ముందుగాల వకీళ్ళు మాట్లాడిండ్రు, నీళ్ళ కాలువలని, సర్కారు లెవీ అని, మస్తు మాట్లాడిండ్రు. ఇతని వంతు వచ్చింది. లేసి నిలవడ్డడు. పెదవులు కదుల్తున్నయి, మాట వస్త లేదు. కుర్చీ జరుపుకున్నాయన మీసంల నవ్విండు. అప్పుడన్నడు. అయ్యా, మా అమ్మ నిన్న పగటీలి నుంచి ఏం తినలే, నా పళ్ళెంల ఉన్నయి కట్టుకపోనా, అని. గంతె. కూసున్నడు."

జొన్నలు దొరకని ఆ యేడు అందరికి యాదికుంది.

బాలయ్య నిదానంగ చెప్పిండు. అటెనుక ఎవ్వరు చిట్టి తీయలేదట. హెడ్‌మాస్టరు అద్దాలు తీసి చానాసేపు తుడుసుకున్నడట. కుర్చీ జరుపుకున్నాయన తన పళ్ళెం ఈ దిక్కు నూకిండట, మొఖం మాత్రం అటే పెట్టుకోని. వంటింట్ల మిగిలినయన్ని కట్టియ్యమని వకీలు పెండ్లాం చెప్పిందట. "నేనే కట్టిన మూట. ఇరవై దాంక ఉంటయి. గా సంఘంల గంత మంచి మాట మల్ల నేను ఇనలే. దానికి గీ ఎడ్లు, గీ కృష్ణ ఎందుకు బిడ్డా?"

ఇస్రాయేలు ఖాళీ గ్లాసును చేతుల తిప్పుకుంట కూసున్నడు. దవాఖానకు యాళ్ళయింది, లేస్త లేడు. జంగయ్య నోట్ల నొప్పి మర్చిపొయ్యి, "తిన్నదా మీ అమ్మ?" అని అడిగిండు.

"తిన్నది. ముందుగాల ముట్టలే. ఎవలిచ్చిండ్రు, ఎందుకిచ్చిండ్రు అని అడిగింది. అడుక్కొచ్చిన అంటె ముట్టది, ఆమె సంగతి నాకెరుకే. వకీళ్ళ ముంగట స్పీచ్ ఇచ్చిన, మెచ్చుకోని ఇచ్చిండ్రని చెప్పిన. నువ్వు మాట్లాడితె వాళ్ళు కూసోని ఇన్నరా, ఎంతసేపు ఇన్నరు అన్నది. గంట అన్న. నవ్వుకుంట ఒక పూరి తిన్నది. ఇంకోటి తుంచుకోని, ఇంక ఏం జరిగింది అన్నది." ఇస్రాయేలు గ్లాసు సాయిలు చేతికి ఇచ్చిండు. "చెప్తె తింటాంది, ఆపితె ఆపుతాంది. మూటల ఇరవై ఉండె."