విమానానికి నీళ్లు

"నన్నేం చేయమంటావక్కా? పైవాళ్లు చెప్పినారు, నేను చేసినా."

కదిరి తాలూకాలో ఆ ఏడూ చినుకు రాలలేదు. అక్కమ్మ తన బావిగట్టు మీద కూర్చుని ఉంది. ఊరి తలారి కుళ్ళాయప్ప ఆమె ముఖంలోకి చూడకుండా తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకుంటున్నాడు.

"పైవాళ్ల సంగతి నేనడగలే. విమానం దిగిందా, లేదా?"

"సద్దు నీకూ ఇనపడింటాదే."

"ఇనపడినాది. మా కొట్టం మీదనే తిరుక్కున్నాది. నేనడిగేది దిగిందా అని."

"బావిలో ఏమన్నా ఊరినాయా అక్కా?"

"నువ్వే తొంగి చూడు. బురద. కప్పలు చచ్చి కుళ్లుతాండాయి. ఆ కంపుకు నాకు పొద్దున్నించి కూడు దిగలే. ఎద్దుల్తో కపిలి తోలించి, పీపాలకెత్తి బండ్లల్లో తోలిస్తివే, యాడ పోస్తివప్పా ఆ నీళ్లు?"

"నీకు తెల్సు కదక్కా."

"నీ నోటితో చెప్పు."

"ఎండిన చెరువులో విమానం దిగేకి దావ చేసినాము కదా, దాని మీద. దుమ్ము లేస్తే తోలేవానికి కండ్లు కనపడవంట."

"తాగే నీళ్లు. నా కోడలు బిడ్డను కడిగేకి చెంబెడు అడిగితే నేనే ఈయలే. దేనికి ఈయలే?"

"ఊరి కోసం."

"సర్కారు పెద్దాయన దిగి, మన చేన్లు చూస్తే గంజి కేంద్రం పెడతాడని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది నువ్వే. పిల్లోల్లకు దినామూ గంజి పోస్తారంటివి. ఆ మాట మీదనే బావి ఇడిచినా."

"అబద్ధం కాదక్కా. మాకూ అట్లే చెప్పినారు."

"బస్సుండాది, రైలుండాది. కరువు చూసేకి గాల్లో వచ్చేదేంది? కాళ్లకు మన్నంటుతాదనా?"

"ఒక్క పొద్దులోనే జిల్లా అంతా చూడల్లంట."

"పందిట్లో సోడాబుడ్లు పెట్టిరి కదా, తాగినాడా?"

"తాలూకాఫీసోల్లు తాగినారు."

"థూ. దండలేమాయ?"

"దండలు... మేకలు మేసినాయి."

"అంటే దిగలేదు."

"దిగలేదక్కా."

"యాల దిగలేదు? నీళ్లు చాలకపాయనా? ఇంగా పోయల్లనా? నా ఒంట్లో నెత్తురుండాది, పీపా తెచ్చుకో."

"అట్లనాకక్కా. మాపుసారి తాసీల్దారుకు తంతి వచ్చినాది."

"ఏమని?"

"చక్రాలు బురదలో దిగబడతాయని తోలేవాడు భయపడినాడంట."

"బురదా? ఈ ఊళ్లోనా? ముందు గంజి సంగతి చెప్పు. ఎప్పుడు పోస్తారు?"

కుళ్ళాయప్ప తలగుడ్డ మళ్లీ విప్పాడు.

"నిన్నేనప్పా."

"పైనించి చూస్తే చెరువు నల్లగా తడిసి కనపడినాదంటక్కా. ఈ ఊరికి వాన పడిందని రాసుకోని, మన గంజి కేంద్రం కొట్టేసినారు."