చమురు గుంత ఒడ్డున దొరికిన తోడు

అధ్యక్షులు సెగుందో మాస్టారికి, ముందు వరుసలో కూర్చుని నన్ను గుర్రుగా చూస్తున్న మా అమ్మ బెత్సబేకి, ఇవాళ ఉద్యోగ విరమణ చేస్తున్న మన ఇంజనీరమ్మ ఎల్వియా గారికి, వానలో తడుస్తూ వచ్చిన ఊరివాళ్లందరికీ ఈ ఒల్మెడో నమస్కారాలు.

పొగడమని నన్ను పిలిచారు గానీ, ముందు నా తప్పు ఒప్పుకోవాలి. చమురు కంపెనీవాళ్లు మడ్డి పోసి వదిలేసి పోయిన గుంత ఇరవై ఏళ్లు మా కర్రపెండలాన్ని బతకనివ్వలేదు. ఎల్వియమ్మ వచ్చి, ఆ నల్లమట్టిని గుట్టలు పోయించి, తెచ్చిన సీసాల్లోది కలిపి, "ఇవి చమురు తినే సూక్ష్మజీవులు. మట్టిని తడపండి, తిరగెయ్యండి, వాటికి ఊపిరాడనివ్వండి" అంది. సరేనన్నాం. ఆర్నెల్లకు రాజధాని నుంచి అధికారులు వస్తున్నారన్నారు. చుట్టాలొచ్చే వేళకు వాకిలి కంపు కొడితే మనకెంత నామోషీ! రెండు బస్తాల బ్లీచింగ్ పౌడర్ తెచ్చి గుట్టలన్నిటి మీదా చల్లించాను. (నవ్వులు) నవ్వండి, నవ్వండి, చల్లింది మీరే!

ఆవిడ బురదలోనే కూలబడి, "చంపేశావు కదయ్యా ఒల్మెడో, ఇంక సీసాలు లేవు" అంది. అంతే. నాలుగు తిట్టినా బాగుండేది.

అప్పుడు మా అమ్మ, పెండలం పులియబెట్టి చీచా కల్లు చేసే కుండ కడుగుతూ, "ఏమే పిల్లా, పాత కుండలోంచి తోడు తియ్యకుండా కొత్త కుండ పులుస్తుందా? గుంత ఒడ్డున గడ్డి తనంతట తనే లేచింది చూడు. ఆ మట్టి తెచ్చి కలుపు" అంది. అంత చదువుకున్న మనిషి, చదువురాని ముసలమ్మ మాట విని, గమేలా పట్టుకుని పరిగెత్తింది. ఆ చిటికెడు మట్టిలో మన ప్రావిన్సు జనం కన్నా ఎక్కువ ప్రాణులున్నాయట! ఎవరూ పిలవకుండా, ఎవరి కంటా పడకుండా, ఇన్నేళ్లుగా మన విషాన్ని తింటూ ఉన్నాయి. చచ్చిన నేల అంటూ దాన్ని ఎన్ని తిట్లు తిట్టామో!

ఆ మట్టే గుట్టలకు తోడైంది. మూడేళ్లయ్యాక, బాగుపడిన ఆ నేలలో నాటిన పెండలం మొన్న తవ్వాం. పరీక్ష చేసి, తినొచ్చని ఎల్వియమ్మ సంతకం పెట్టింది. అయినా అమ్మ ముట్టలేదు. "కాయితం చదవడం నాకు రాదు. ఆ పిల్ల తాగితే నేనూ తాగుతా" అంది. ఇదిగో, ఆ పెండలం చీచాయే ఇది. ఎల్వియమ్మా, అతిథి గిన్నె ఖాళీ చేసి బోర్లించాలి, మా పద్ధతి మీకు తెలుసు.

(విరామం)

బోర్లించింది! అమ్మా, ఇక నీ వంతు.

(విరామం)

చూశారా, గిన్నె చాపుతోంది. "ఇంకాస్త పొయ్యరా" అంటోంది.

ఎల్వియమ్మా, మీకూ, ఆ కనపడని ప్రాణులకూ దణ్ణం. అమ్మకి పొయ్యాలి, సెలవు.