కొంగున ముడేసిన మాటలు

మంగాయి అని ఒకతి, దుబాసి కూతురు. దుబాసి అంటే తెలుసుగా, అవతలి దేశపోళ్ళ మాట మనకీ, మన మాట వాళ్ళకీ చెప్పేవాడు. సముద్రం ఒడ్డున అద్దకం వాళ్ళ ఊరంట అది. ఏటేటా ఓడ వచ్చేది, రంగు గుడ్డలు పట్టుకుపోయేది, అంతా ఆ దుబాసి నోటి మీదే నడిచేది. ఆయనేమో ఒక చలికాలం దగ్గి దగ్గి చచ్చిపోయాడు. ఇంకేముంది! ఓడ వచ్చింది, వర్తకుడు దిగాడు, ఏదో చెబుతున్నాడు, ఒక్కడికి అర్థమైతే ఒట్టు. ఈలోపు ఏమైందంటే, ఒక కాకి వచ్చి ఆయన తలపాగా మీద వాలింది. ఆయన దాన్ని తోలమని వేలు చూపించి కేకలేశాడు. మనవాళ్ళు ఏమనుకున్నారు? ఓహో, ఈసారి గుడ్డల మీద కాకి బొమ్మ కావాలంటున్నాడు కాబోలు అనుకున్నారు. కూర్చుని కూర్చుని మూడొందల దుప్పట్ల మీద కాకులే కాకులు అద్దారంట. నవ్వకండర్రా, వాళ్ళ కష్టం వాళ్ళది. మరుసటేడు వర్తకుడు వచ్చి మూట విప్పి చూసి, ఒక్క దుప్పటీ ముట్టుకోకుండా ఓడెక్కి పోయాడు.

అప్పుడు కులపెద్ద వీరాసామి ఊరందర్నీ కూర్చోబెట్టి, ఇట్లా అయితే మన పొయ్యిలో పిల్లి లేవదు, మనవాళ్ళే ఇద్దరు సముద్రం దాటిపోయి ఆ మాట నేర్చుకుని రావాలన్నాడు. వర్తకుడు మోసుకుపోయేవాడేగానీ, ఆ దేశంలో గుడ్డ బేరమంతా ఆడవాళ్ళదేనంట, దొరసాని మేడలో జరుగుద్దంట, మగాణ్ణి గడప దాటనివ్వరంట. కాబట్టి పోతే ఆడపిల్లలే పోవాలి. ఎప్పుడు పోవాలి? ఎండాకాలంలోనే. ఎందుకంటే ఎండల్లో కాలవ ఎండిపోద్ది, గుడ్డలు ఉతకడానికి నీళ్ళుండవు, ఊరు ఊరంతా చేతులు ముడుచుకుని కూర్చునేది అప్పుడే. ఎండ ముదరకముందు అటు పోయే ఓడెక్కితే తొలకరికి తిరిగి రావచ్చు. మంగాయి వెంటనే లేచింది. "మా నాన్న నోరు నాది. నేను పోతా పెదనాన్నా. నాకు తోడు పోలేరిని పంపించండి" అంది. పోలేరి ఎవరంటే, కాలవగట్టున గుడ్డలుతికే పిల్ల, మేనత్త ఇంట్లో పెరిగింది, మంచిదే గానీ ఒక మాట మూడుసార్లు చెబితేగానీ బుర్రకెక్కదు. మంగాయి ఆ పిల్లని ఎందుకు ఏరుకుందో చెప్పమంటారా? తెలివైనదాన్ని వెంటబెట్టుకుపోతే రేపు ఊళ్ళో మర్యాద సగం దానిదవుద్దిగా! పోలేరి అయితే నీళ్ళు మోస్తది, వంట చేస్తది, నోరు మూసుకుంటది. అదీ లెక్క.

ఆ ఊళ్ళో ఓడమ్మవ్వ అని పండు ముసలిది ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఆ దేశం పోయి పన్నెండేళ్ళు ఒకళ్ళ బిడ్డల్ని సాకి వచ్చింది. నువ్వే పోవచ్చు కదే అవ్వా అంటే, "నాకొచ్చింది పొయ్యి దగ్గర మాట, ఉయ్యాల దగ్గర మాట. బేరం మాట నాకు రాదురా. అయినా అక్కడికిపోయి కొయ్యబొమ్మల్లా నిలబడకుండా, నాకొచ్చింది ఈ నెల రోజులూ ఇద్దరికీ చెబుతా" అంది. ఇద్దరికీ అనేసరికి మంగాయి మొహం చిన్నబోయింది. "దానికెందుకే అవ్వా? అది తోడేగా" అంది. అవ్వ ఊరుకుంటదా? "నడి సముద్రంలో నీకు జ్వరమొస్తే నీ నోట్లో నీళ్ళు పొయ్యమని ఎవత్తి అడుగుద్దే? దొరసాని మేడలోకి ఒకత్తినే రానిస్తారు. ఓడెక్కే రోజు పొద్దున ఊరందరి ముందూ మిమ్మల్ని అడుగుతా. బాగా చెప్పింది నోరు, రెండోది తోడు. నోరు మేడలో కూర్చుని నేర్చుకుంటది, తోడు బయట వండిపెడతది. ఎవరు ఏదన్నది అప్పటిదాకా ఎవరూ అనడానికి లేదు" అని తేల్చేసింది.

ఇక ప్రయాణానికి సిద్ధం చెయ్యడం చూడాలి! ఇంటింటి నుంచీ వచ్చాయంట. పేలపిండి ఒక మూట, చింతపండు ఉండలు, ఎండబెట్టిన వంకాయ వరుగులు, ఆవకాయ జాడీ, శొంఠి, ఇంకా... ఇంకేదో ఉంది, అది లేకపోతే కథ నడవదు, మా అమ్మ ప్రతిసారీ చెప్పేది... ఆఁ, పక్కన కూర్చుని నువ్వు చెప్పకు తిరుపాలూ, నేను చెబుతా. నీకు గుర్తుందని తెలుసులే. పాత చీర! పోలేరికి వాళ్ళ మేనత్త ఏమీ ఇవ్వలేక ఒక పాత తెల్లచీర ఇచ్చింది, కట్టుకోవడానికి కాదు, తల తుడుచుకోవడానికి. తిరుపాలమ్మ పెదాలు కదుపుతోంది చూడండి, నాకంటే ముందే వచ్చేసింది ఆవిడకి.

సరే. అవ్వ ముందు కూర్చున్నారు ఇద్దరూ. అవ్వ ఒక మాట చెప్పగానే మంగాయి చిలకలా అప్పజెప్పేది. ఉప్పంటే ఇది, నీళ్ళంటే ఇది, ఆకలంటే ఇది, టకటకా. పోలేరి నోరు తిరిగేది కాదు. తిరిగినా, ఇంటికెళ్ళేసరికి పోయేది. ఆ పిల్ల ఏం చేసిందంటే, అద్దకం వాళ్ళు గుడ్డని రంగులో ఎన్ని ముంపులు ముంచారో మరిచిపోకుండా తాడుకి ముడులేసుకుంటారు, ఆ అలవాటుంది కదా, ఆ పాత చీర తెచ్చుకుని మాటకో ముడి వేసింది. ఊరికే ముడి కాదు. ఉప్పు అనే మాటకి ఉప్పుకల్లు పెట్టి ముడి. అన్నానికి బియ్యపుగింజ పెట్టి ముడి. వేడికి మిరియం. చేదుకి వేపాకు. ఆకలికి ఏం పెట్టాలో తెలీక ఉత్త ముడి వేసిందంట, లోపల ఏమీ లేకుండా. అవ్వకి చూపు ఆనదు, వేళ్ళతో తడిమి చూసి ఒక్క నవ్వు నవ్వింది. "ఇన్నేళ్ళలో నాకు తట్టలేదే పోలేరీ! మా అమ్మే, మా తల్లే!" అని ఆ పిల్ల బుగ్గలు పుణికింది. మంగాయి బుగ్గ పుణకలేదు. అక్కడ రాజుకుంది మంగాయికి. ఇంటికెళ్ళి ఆ రోజు అన్నం ముందు కూర్చుని అన్నం మీద చెయ్యి పెట్టలేదంట. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడమంటే అదే అనుకో. తను ఇరవై మాటలు ఒక్క గుక్కలో చెబితే ఆఁ అని ఊరుకున్న ముసలిది, అది నాలుగు ముడులేస్తే మా తల్లే అంటదా?

మరునాడు పోలేరి ఆ చీర అరుగు మీద పెట్టి నీళ్ళకెళ్ళింది. మంగాయి చూసింది, ఇటూ అటూ చూసింది, నాలుగు ముడులు విప్పేసింది. ఉప్పుకల్లు నోట్లో వేసుకుంది, వేపాకు పారేసింది. పోలేరి వచ్చి చూసి, ఎవరో విప్పారని అనుకుందా? అనుకోలా. "నా ముడి వదులు, ఊడిపోయింది" అనుకుంది. తిరిగి అవ్వ దగ్గరికి పరిగెత్తి, ఆ నాలుగు మాటలూ అడిగి, మళ్ళీ ఉప్పుకల్లు పెట్టి ముడేసింది. మంగాయి విప్పింది. పోలేరి కట్టింది. మంగాయి ఇంకో ఆరు విప్పింది. పోలేరి ఇంకో ఆరు కట్టింది. ఒకరోజు పాపం మంగాయినే అడిగింది, "మంగక్కా, నీళ్ళని ఏమంటారే? నాది ఊడిపోయింది" అని. "నీ ముడులకి నేను కాపలానా? పోయి ఆ ముసలిదాన్నే అడుక్కో" అని చెయ్యి విదిలించింది. ఆ విదిలింపుకి మంగాయి చేతి పచ్చగాజు ఒకటి చిట్లి కిందపడింది. పోలేరి వంగి ఆ ముక్క తీసుకుని కొంగున పెట్టుకుంది. అవ్వ దగ్గరికెళ్ళి ఇంకేదో కూడా అడిగింది, అవ్వ చెప్పింది. మంగాయి పక్కనే ఉంది, కానీ వింటేగా? తన చెవులు ఎక్కడున్నాయి? కళ్ళల్లో ఉన్నాయి. ఈ రోజు ఎన్ని ముడులయ్యాయి, నిన్నెన్ని, రేపెన్ని విప్పాలి, అదే గోల. రానురాను మాట నేర్చుకోవడం పోయి ముడి విప్పడమే చదువైంది ఆ పిల్లకి.

ఇంతలో ఏమైందంటే, దొరసానికి చూపించడానికి నాలుగు నీలి గుడ్డలు పంపాలని ఊరివాళ్ళు ఒక నీలిబాన, అదే నీలిమందు కలిపిన కుండ, పెట్టారు. ఆ బాన పట్టలేదు, రంగు తేలలేదు. నీలి పట్టకపోతే ఏం చెయ్యాలో అద్దకం ఇళ్ళల్లో పుట్టిన అందరికీ తెలుసు. ఒక అబద్ధం పుట్టించి ఊరి మీదకి వదలాలి, అది ఊరంతా పాకితే బాన పట్టుద్ది. నీలివార్త అంటారు చూడండి, అది అక్కడిదే. నేను పుట్టిస్తానని మంగాయి ఎగిరి గంతేసింది. "పోలేరికి ఓడంటే వణుకంట, వెళ్ళనని మేనత్త కాళ్ళ మీద పడి ఏడ్చిందంట" అని పుట్టించింది. బావి దగ్గర చెప్పింది, దుకాణం దగ్గర చెప్పింది. ఇంకొకత్తిని తోడు పెట్టండి, ఇంకా మొద్దుదాన్ని, అని కులపెద్ద దగ్గరికీ పోయి చెప్పింది. ఆయన పడీపడీ నవ్వాడు. "బాగుందే మంగాయీ, మంచిది పుట్టించావ్! బాన పొద్దుటే పట్టింది, నెమలి మెడలా తేలింది రంగు!" అన్నాడు. బాన పెట్టినన్నాళ్ళూ ఏ మాట విన్నా ఊరివాళ్ళు నీలివార్తే అనుకుంటారు, ఎవరు నమ్ముతారు? మంగాయి అసూయంతా పోసి చేసిన అబద్ధం గుడ్డకి రంగెక్కించడానికి పనికొచ్చింది, అంతే.

దాంతో ఇక ఆగలేకపోయింది. రేపు పొద్దున ఓడనగా, ముందు రోజు మధ్యాహ్నం అందరూ మూటలు కట్టే హడావిడిలో ఉన్నారు. ఆ చీర తీసుకుని బానల పాకలోకి వెళ్ళింది. ముడులన్నీ విప్పుకుంటూ వచ్చింది. చిట్టచివర అంచుకి ఒక ముడి ఉంది, ఎంత గట్టిగా వేసిందో, గోటికి రాలేదు. పంటితో పట్టి లాగింది. లోపల చూస్తే పచ్చగాజు ముక్క. తన గాజు! ఇదేం మాటకి కట్టింది? గాజు అనే మాటకా? అది అవ్వ చెప్పలేదే. పచ్చ అనే మాటకా? అది నేలములక కాయ పెట్టి కట్టిందే, తను రెండుసార్లు విప్పిందే. తనకి తెలియని మాట ఆ మొద్దుదానికి ఒకటి తెలుసు. అది చూడండి, ఎక్కడ పొడిచిందో! చీర మొత్తం ఉండ చుట్టి నీలిబానలో ముంచేసింది. ముంచేటప్పుడు చూసుకోలేదు, మోచేతులదాకా మునిగింది.

తెల్లారింది. ఓడ ఒడ్డున ఉంది, ఊరంతా అక్కడే ఉంది. మంగాయి కొంగు నిండా కప్పుకుని వచ్చింది, ఆ ఎండల్లో. పోలేరి నీలంగా అయిపోయిన చీర చేతుల్లో పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. "అవ్వా, నా మాటలన్నీ పోయాయి. ఒక్క ముడీ లేదు. నేను అడగక్కర్లేకుండానే తోడైపోతాను, మంగక్కనే నోరు చెయ్యండి" అంది. మంగాయి గుండె చల్లబడింది. అవ్వ మాత్రం, "చీరని అడుగుతానన్నానా, నిన్ను అడుగుతానన్నానా? కళ్ళు మూసుకో. ఉప్పు" అంది. పోలేరి చెప్పింది. నీళ్ళు. చెప్పింది. వేడి, చేదు, ఆకలి, నిద్ర, బిడ్డ. చెప్పింది, చెప్పింది. ఒక్కటి తడబడలేదు. తడబడుద్దా మరి? ఒక్కో మాటా ఐదుసార్లు పోగొట్టుకుని ఐదుసార్లు అడిగి తెచ్చుకుంది. ఒక్క ముంపుకి ఏ రంగైనా వెలిసిపోద్ది గానీ, ముంచీ ఆరేసీ, ముంచీ ఆరేసీ చేస్తే చీర చిరిగినా రంగు పోదు. ఆ ముంపులన్నీ దగ్గరుండి ముంచింది ఎవరో మీకు చెప్పాలా?

మంగాయిని అడిగింది. మంగాయి కూడా బాగానే చెప్పింది, అబద్ధమెందుకు. దుబాసి రక్తం కదా. ఇద్దరూ సమానంగా వచ్చారు. అప్పుడు అవ్వ, "ఇంకొకటే. నీ వెంట వచ్చి బయట నిలబడ్డ మనిషిని చూపించి దొరసాని, ఈమె నీకేమవుద్దని అడిగిందనుకో. ఏం చెబుతావ్?" అంది. మంగాయి నోరు తెరిచింది. అమ్మ అనే మాట వచ్చు, దాసి అనే మాట వచ్చు. ఇది రాదు. పోలేరి కళ్ళు మూసుకునే ఉంది, మెల్లిగా ఆ మాట చెప్పింది. చెప్పి, "మంగక్క గాజుముక్క పెట్టి కట్టుకున్నానవ్వా అది" అంది.

అప్పుడు కులపెద్ద, ఇద్దరూ సముద్రానికి దణ్ణం పెట్టుకుని ఓడెక్కండమ్మా, పోలేరి నోరు, మంగాయి తోడు అన్నాడు. దణ్ణం పెట్టాలంటే చేతులు బయటికి తియ్యాలిగా! తీసింది. మోచేతులదాకా నీలం. నీలి పది రోజులైనా పోదు, అద్దకం వాళ్ళకి చెప్పాలా అది? ఊరంతా చూసింది. పోలేరే ముందు మాట్లాడింది. "నా చీర బానలో జారిపడితే మంగక్క తీసిపెట్టింది" అంది. నమ్మి అందో, కావాలని అందో ఆ పిల్లకే తెలియాలి. కాపాడింది కదా, మంగాయి కరిగిపోయిందనుకుంటున్నారా? కరగలా. ఇంకా మండింది! తిట్టినా భరిద్దుమేమో గానీ, మనం పడగొట్టినది లేచి నిలబడి మన మీదే జాలి పడితే భరించలేం. ఓడలో రెండు రోజులు అవతలి మూల వీపు తిప్పి కూర్చుందంట. మూడోరోజు పోలేరి ఆ నీలం చీర తీసి కొత్త ముడి వెయ్యబోతే, గాలికి చీర నిలవలేదు, ఒంటి చేత్తో ముడి పడలేదు. మంగాయి చూసింది చూసింది, "మొద్దుదానా, అట్లా కాదు" అని తన నీలం చేతులతో రెండో కొస పట్టుకుంది. పట్టుకుని, ఇంకో వైపు చూస్తూ, "ఇంతకీ ఆ గాజుముక్క మాటేంటే?" అంది. పోలేరి చెప్పింది. మంగాయి మూడుసార్లు అడిగి చెప్పించుకుంది.

ఆ మాటేంటంటారా? మా అమ్మ చెప్పింది. నేను ఈ కథకని పొద్దున ఐదు ముడులేసుకున్నా కొంగుకి, నాలుగు విప్పాను. ఐదోది విప్పి చూశాను, లోపల ఏం లేదు. ఏం నవ్వుతావ్ తిరుపాలూ? నీకు అన్నీ గుర్తుంటాయని నాకు ఈ కథలు చెప్పుకుంటున్న నెల రోజులుగా కడుపుమంటగానే ఉంది, దాచిపెట్టేదేముంది. పోనీ నువ్వు చెప్పు ఆ మాట. నీకూ రాదా? హమ్మయ్య. సర్లే, వాళ్ళ మాటలో ఏమైతేనేం, ఇంద, చెయ్యి ఇటివ్వు, మోకాళ్ళు పట్టేశాయి, లేవాలి.