నాంచారయ్య మూడు పిచ్చులు

నాంచారయ్యని ఊళ్ళో అందరూ మూడు పిచ్చులోడు అనేవోళ్ళంట. ఒకటి హామ్ రేడియో. ఇంటి మీద వెదురుగడ కట్టి, తీగ లాగి, ముక్కూ మొహం తెలియనోళ్ళతో మాట్లాడతా కూకుంటాడు. రెండోది గాలివాన. తుపానొస్తందంటే మనం లోపలికి పరిగెడతామా, ఆయన సైకిలేసుకుని కరకట్ట మీదికి పోతాడు, మబ్బు ఎట్టా తిరుగుతుందో చూడ్డానికి. ఇంక ఏటకుక్కలు. చుక్కి, సివంగి అని రెండు. చేల మీద పడే పందుల్ని జమ్ముగడ్డిలోంచి లేపేయి. ఆయన పెళ్ళాం తిరపతమ్మ పొద్దస్తమానం, నన్ను కట్టుకున్నావా ఆ డబ్బాని కట్టుకున్నావా అని సాధించేదంట. "కరెంటు పోతే అదాగుద్ది గదే, నువ్వాగవు" అనేవాడంట ఆయన.

ఏమైందంటే, ఒక కార్తీకంలో పెద్ద తుపాను పట్టింది. ఊరు ఊరంతా తుపాను షెల్టర్లో చేరింది. నాంచారయ్య రేడియో, ట్రాక్టరు బేటరీ, రెండు కుక్కలూ తెచ్చుకున్నాడు. జనం నవ్వారనుకోండి. పొద్దున్నించీ ఈడ్చి కొట్టిన గాలి మిట్టమధ్యాన్నం టక్కున ఆగింది. ఆకు కదల్లా. ఎండ కూడా కాసిందంట! పోయింది, పోయింది అని అందరూ బయటికి పోబోతుంటే నాంచారయ్య అడ్డం నిలబడి, పోలేదయ్యా, మనం తుపాను కంట్లో, నట్టనడుమ ఉన్నాం, అవతలి గాలి ఇటు తిరిగి కొడుద్ది అన్నాడు. తీరా చూస్తే తిరపతమ్మ తల్లి పున్నమ్మ లేదు! గేదెని చూసుకోడానికి ఎప్పుడు జారుకుందో ముసల్ది.

నాంచారయ్య అత్త దుప్పటి కుక్కలకి వాసన చూపించి, పెళ్ళాం చేతిలో మైకు పెట్టాడు. "సముద్రం ఒడ్డున, రేడియోలో నాతో మాట్లాడే ఏలియా ఉన్నాడు. తిరుగు గాలి ముందు ఆయనకి తగులుద్ది, అరగంటకి మనకి. ఆయన చెప్పగానే ఈ షెల్టరు గంట కొట్టు, ఎక్కడున్నా వెనక్కొచ్చేస్తా." అమ్మ దొరక్కపోతేనో అందంట. "గంట మాత్రం కొట్టు" అని దిగిపోయాడు.

ఇప్పుడు చూడండి. తిరపతమ్మ మైకు బొత్తాం నొక్కింది. "అన్నయ్యా, గాలొచ్చిందా? మా అమ్మ బయటుంది, ఈయనా పోయాడు, గాలొచ్చిందా అన్నయ్యా?" నొక్కిన బొత్తాం నొక్కినట్టే ఉంది, అడిగిందే అడుగుతుంది. అవతల ఉలుకూ లేదు పలుకూ లేదు. ఏలియా కూడా కొట్టుకుపోయాడేమోనని ఏడుపు. అప్పుడు తట్టిందంట ఆమెకి. ఇరవై ఏళ్ళుగా గోడవతల మొగుడి గోల ఇంటంది గదా. ఒక మాటంటాడు, ఓవర్ అంటాడు, బొత్తాం వదిలి ఊరుకుంటాడు. ఊరుకుంటేనే అవతలోడి మాట ఇనపడేది! గభాల్న వేలు తీసింది. తీసీ తీయగానే, "చెల్లెమ్మా! పావుగంట నించీ అరుస్తన్నా! గాలి తిరిగింది, ఇక్కడ రేకులెగిరిపోతన్నాయి!"

పావుగంట పోయింది, పావుగంటే మిగిలింది. ఆ గంట ఎట్టా కొట్టిందంటే, అరచేతులు బొబ్బలెక్కాయంట. జమ్ములో ఉన్న నాంచారయ్యకి గంట ఇనపడింది. మాటిచ్చాడు గదా, వెనక్కి తిరిగాడు కూడా. సరిగ్గా అప్పుడే సివంగి మొరిగింది. దొరికితే తప్ప నోరెత్తని కుక్క అది! పోయి చూస్తే నడుంలోతు నీళ్ళలో, గేదె తాడు చేతికి చుట్టుకుని పున్నమ్మ. "తాడొదులత్తా!" అంటే, "నువ్వు కుక్కల్ని వదిలావా ఎప్పుడన్నా?" అందంట. ఇంక వాదించే టైమేది? ఆవిణ్ణి గేదె మీదే కూకోబెట్టి తోలుకొచ్చాడు. షెల్టరు తలుపేసి గడియ పెట్టారో లేదో, నైరుతి నించి కొట్టింది చూడండి, గోడలు వణికినయ్యంట.

ఆ తర్వాత ఆయన్ని పిచ్చోడన్న నోరు లేదు ఊళ్ళో. అసలు చిత్రం తిరపతమ్మది. పిల్లలిద్దరూ విశాపట్నంలో హాస్టల్లో ఉంటారు. తిన్నారా, పడుకున్నారా, జొరమొచ్చిందా అని ఊపిరాడనిచ్చేది కాదు ఫోన్లో. తుపాను తగ్గి ఫోన్లు కలిశాక ఒక్క మాటడిగి, ఊరుకుని, వాళ్ళు చెప్పేది ఇనడం మొదలెట్టింది. అమ్మ ఇంత మెత్తగా ఉందంటే ఏదో పెద్ద జబ్బే అనుకుని, పిల్లలిద్దరూ తెల్లారేసరికి బస్సు దిగారంట!