పచ్చ టిక్కు

అక్క ఇంట్లో హాలు. కంప్యూటర్ ముందు తమ్ముడు. నాన్న లోపలి గదిలో.

“ఆగక్కా, చూడనీ. పచ్చ టిక్కు ఉందిగా. అంటే ఈ ఫారం ఆన్‌లైన్లో పంపొచ్చనే.”

“పంపొచ్చు, పంపొచ్చు! వారం నుంచి నొక్కుతూనే ఉన్నా. ‘పంపు’ అని నొక్కితే ఓసారి మెరుస్తుంది, ఊరుకుంటుంది. ఏదీ, నువ్వు నొక్కు.”

“నొక్కా. ఉండు, దీని వెనకేం రాశారో తెరిచి చూస్తా.”

“ఏముంది?”

“దీనికి అవతల చిరునామా ఇవ్వలేదక్కా. ఉత్త బటనే.”

“అంటే?”

“అంటే... ఎక్కడికీ పోదు.”

“ఛీ! నాన్నకి ఆక్సిజన్ మిషను కోసంరా ఇది. ఇవాళ సాయంత్రంతో ఆఖరు. పొద్దున కాగితం పట్టుకుని మీ ఆఫీసుకే వెళ్ళా. కిటికీలో ఆవిడ తలైనా ఎత్తలేదు. ‘పచ్చ టిక్కున్న ఫారాలు కాగితం మీద తీసుకోం’ అంది.”

“రూలక్కా అది.”

“రూలు మొహం! ఆ టిక్కు పెట్టిందెవడు?”

“మనుషులు పెట్టరక్కా. వందల ఫారాలు. ఓ ప్రోగ్రాం అన్నీ తిరిగి చూస్తుంది. ‘పంపు’ బటన్ కనపడితే పచ్చ, లేకపోతే ఎరుపు. ఎరుపైతేనే కాగితం తీసుకుంటారు.”

“నొక్కి చూడదూ?”

“చూడదు.”

“గోడ మీద తలుపు బొమ్మ గీసినా తలుపే అంటుందన్నమాట! ఏ దరిద్రుడు రాశాడురా దాన్ని?”

“మిషను చప్పుడు వినపడట్లేదేంటి? నాన్న పడుకున్నాడా?”

“మాట మార్చకు. పక్కింటివాళ్ళు వాడుకోమని ఇచ్చిన మిషనేగా, పాడవుతుందని కాసేపు ఆపుకుని ఉంటాడు. ఎవడు రాశాడు?”

“ఆఫీసరు ఒకటే తొందర. బటన్ ఉందో లేదో చూస్తే చాలు, మిగతాది తర్వాత అన్నాడు...”

“ఎవరితో అన్నాడు? నీతోనా? ఓరి, రాసింది నువ్వేనా! థూ! ఎరుపు చెయ్యి. ఇప్పుడే. కాగితం పట్టుకుని నేనే పోతా.”

“అది కాదక్కా, అన్నీ పచ్చేనని రేపు మా పై ఆఫీసరుకి చూపించాలి, ఒక్కటి మారినా నన్ను—”

“చెయ్యరా!”

“చేస్తున్నా, చేస్తున్నా, అరవకు... అయింది. ఎరుపు. పద, నేనూ వస్తా.”

“నాన్నా! మేం ఆఫీసుకెళ్ళొస్తాం. మిషను పెట్టుకో!”

“మిషనా... నువ్వు బయటికెళ్ళినప్పుడు... పక్కింటికి ఇచ్చేశానమ్మా. వాళ్ళింట్లో ముసలావిడకీ... ఆయాసమట. మనది వచ్చేస్తుందిగా... ఆ పచ్చ టిక్కు... తమ్ముడిదేగా.”