కాలని వాత

"అవ్వా, రేపు మా బాపును పట్నం తీస్కపోతున్నం. క్యాన్సరుకు నడుముల కరెంటు పెడ్తరంట, రేడియేషనంటరు గద, గది. మీ ఇంట్ల తాతకు గూడ పెట్టిండ్రు గద, జర చెప్పరాదు?"

కూసో బిడ్డా. మీ తాతకు ఊపిరితిత్తులల్ల పుట్టింది గా రోగం. మనకు ఎర్కయ్యేటాల్లకే నడుము బొక్కలకు పాకింది. సర్కారు గొర్లు పంచిన యేడనుకుంట... కాదు, దాని మర్సటేడు. పండరాకపాయె. మందల గొంగడి పరుసుకోని పండినోడు, రాత్రంత గోడకు ఆనుకోని కూసుండేటోడు. సూడలేకపోయేదాన్ని.

డాక్టరమ్మ ఉన్నదున్నట్లు చెప్పింది. "రోగం పోదమ్మా. నొప్పి తగ్గుతది, జర పండగలుగుతడు" అన్నది. రోగం పోనిదానికి పట్నం దాక ఎందుకని నేను కొట్లాడిన. తాతనే, "ఒక్కపారి వెల్లకిల పండుకుంట, ఊకోవే" అన్నడు.

కరెంటు యాడ పెట్టాల్నో గుర్తుకు వీపు మీద గీతలు గీసి, కడుగొద్దన్నరు. "గొర్రెకు రంగేసినట్లేసిండ్రు, తప్పిపోతె దొరుకుతలే" అని నవ్విండు. బల్ల మీద పండ్లు బిగవట్టి పండిండు. జరసేపే. బయటికొచ్చి మొకం మాడ్సుకున్నడు. "సుర్రుమనలే, ఉత్తదేనే" అన్నడు. మనకు తెల్వదా, గొర్రె కుంటితె వాత, మనిషి నడుము పడితె వాత. కాలకపోతె పని చెయ్యనట్లే లెక్క.

ఇంటికొచ్చినంక నొప్పి ఇంకింత పెరిగింది. మొదాలు పెరుగుతదని డాక్టరమ్మ చెప్పనే చెప్పింది, గోలీలు గూడ ఇచ్చింది. ఇనేటోడెవడు? తాత తమ్ముడు మల్లయ్య, పాపం మంచోడే, కొడవలి పొయ్యిల పెట్టిండు. గా గీతల నడుమనే వాత పెడ్తనన్నడు. తాత అంగి ఇప్పి వంగిండు. నేను బిందెడు నీళ్లు పొయ్యిల కుమ్మరిచ్చిన. "నొప్పి బొక్కలల్ల ఉంటె తోలు కాలుస్తవారా?" అని నోటికొచ్చిన తిట్లన్ని తిట్టిన.

కొన్నొద్దులైనంక గొంగడి పరువమన్నడు. మెల్లగ ఒరిగిండు, వెల్లకిల పండిండు. గురక బెట్టిండు బిడ్డా! గా గురకకు ఎన్నేండ్లు తిట్టిన్నో. ఆనాడు పక్కకు కూసోని ఏడ్సుకుంట ఇన్న.

చలికాలం దాటలే. రోగం దాని పని అది చేసింది. గని పండుకోని పోయిండు, గోడకు కూసోని కాదు.

రేపు మీ బాపు గూడ ఏం కాలేదనే అంటడు. నొప్పి పెరిగితె డాక్టరుకు చెప్పుండ్రి, వాతల దిక్కు పోకుండ్రి. సల్లగుండు బిడ్డా. మీ బాపు గురక నీ చెవుల పడాలె.