రత్నసాని దెబ్బల పాట

"ఎన్కకెల్లి కొట్టిన్రు సార్. మొఖం కనపడితే పేరుతోని చెప్తుంటి గద."

"మొఖం చూడలేదు. కానీ కొట్టింది వినీతే అంటున్నవ్."

"వాడు గాక ఇంకెవడు కొడ్తడు? రాజు యేషం కట్టింది వాడు. వాని ఆటల నేను నడుమ జొచ్చిన. నలుగుట్ల ఇజ్జత్ పోయిందని కొట్టిండు."

గొడవ జరిగిన మర్నాడు పొద్దున, ఇబ్రహీంపట్నంలోని సర్కారు దవాఖాన. తలకు పదకొండు కుట్లతో మల్లేష్ మంచం మీద ఉన్నాడు. ఎదుటి స్టూలు మీద, వాంగ్మూలం రాసుకునే అట్ట ఒళ్లో పెట్టుకుని ఏఎస్సై జగదీశ్వర్. మంచం కాళ్ల దగ్గర మల్లేష్ తల్లి రుక్కమ్మ. ఆమె చాలాసేపటి నుంచి గిన్నెలో జావ కలుపుతూనే ఉంది.

"మొదటిసంది చెప్పు మల్లేష్. నిన్న సాయంత్రం శేరిగూడ తొవ్వల ఫంక్షన్ హాలుకు ఎందుకు పోయినవ్?"

"రత్నసాని ఆట సార్, యక్షగానం. మా బాపు ఆట. బాపు పోయినంక మేళం చెదిరిపోయింది, ఆట బందయింది. ఇప్పుడు శ్రీపాల్ పటేల్ మళ్ల ఆడిపిస్తున్నడని ఊరంత ఫ్లెక్సీలు కట్టిన్రు. ముప్పై ఏండ్లకు మళ్ల రత్నసాని అని. ఒక మూలకు మా బాపు బుగ్గయ్య ఫోటో గూడ ఏసిన్రు. నాది కొంగరకలాన్ కంపెనీల సెక్యూరిటీ డ్యూటీ. సెలవు పెట్టి పోయిన. అమ్మను గూడ తీస్కపోయిన. ముంగటి వరసల కూసోబెట్టిన్రు మమ్ములను."

"పెద్దమ్మా, నువ్వు గూడ ఉన్నవా హాల్ల?"

"జావ సల్లారుతున్నది. జర తాగనియ్యి సారు."

"తాగనియ్యి, నేనేం వద్దంటలేను. చెప్పు మల్లేష్. ఆట ఎట్లుండె?"

"ఏముండె. ఆట కాదు సార్ అది. పాటలన్ని ముందే రికార్డు చేసుకొచ్చిన్రు. స్పీకర్ డబ్బాలకెల్లి పాట వస్తున్నది, ఈళ్లు నోర్లు ఆడిస్తున్నరు. హార్మోనియం ముంగట ఒకాయన కూసున్నడు, మెట్ల మీద ఏళ్లు ఉరుకుతున్నయ్, తిత్తి మాత్రం ఊపుతలేడు. ఎన్క ఇంత పెద్ద టీవీ తెర. దాంట్ల కోటలు, ఏనుగులు. మా బాపు ఆడినప్పుడు యాడి ఏనుగులు సార్. ఒక పాత దుప్పటి కట్టేటోళ్లు. బాపు గొంతెత్తితే గా దుప్పటే కోటయితుండె."

"నాకెరుకే."

"మీకెట్ల ఎరుక సార్?"

"మాది కందుకూరు. మీ బాపు మేళం మా ఊరికొచ్చింది. నాకు తొమ్మిదేండ్లుంటయ్. మా నాయిన బుజాల మీద కూసొని చూసిన. ఇయ్యాలటికీ యాదికున్నది. రాజు పెండ్లాం మీద అనుమానం పెట్టుకుంటడు. నిండు కచేరీల కొరడా తీస్తడు. ఆమె మాత్రం పాట ఆపదు. దెబ్బ పడుతుంటది, ఆమె పాడుతుంటది. ఏమో ఉండె గా పాట..."

"'ఏమి నేరము జేస్తి నే రాజా'..."

"అవ్, గదే మల్లేష్. దెబ్బల పాట అంటుండె అందరు. దెబ్బ దెబ్బకు ఆమె గొంతు ఒక మెట్టు పైకెక్కుతుండె. ఒళ్లు జలదరిస్తుండె ఇంటుంటే. మా ఊర్ల వన్స్‌మోర్ అని ఒకటే కేకలు. మూడుసార్లు ఆడిచ్చిన్రు గా పాట."

"నాలుగుసార్లు సారు."

"ఏంది పెద్దమ్మా?"

"కందుకూర్ల నాలుగుసార్లు ఆడిచ్చిన్రు. మూడు కాదు."

"నీకు అంత యాదున్నదా?"

"రత్నసాని మా అమ్మనే గద సార్. రాజు మా బాపు, రాణి మా అమ్మ."

"అరే. గా రత్నసానివి నువ్వేనా పెద్దమ్మా? నాకు తెలువనే తెలువదు. ఎంత బాగ చేసినవ్ నువ్వు. రవికె ఎన్క అంత ఎర్రగ అయితుండె. నేను బుగులుపడి ఏడిస్తే మా నాయిన చెప్పిండు, కొరడాకు కుంకుమ నీళ్లు రాస్తరురా అని."

"కుంకుమ ఎవలు రాసిన్రు సారు."

"అంటే?"

"సార్, అమ్మకు నిన్నటిసంది మనసు మంచిగ లేదు. మీరు నా ముచ్చట రాసుకోన్రి."

"సరే, చెప్పు. లొల్లి ఏడ మొదలయ్యింది?"

"దెబ్బల పాట కాడ. జనం దానికోసమే కూసున్నరు సార్. నారయ్య తాత, పాత మేళం చూసిన ముసలోళ్లు, అందరు గదే చూద్దామని వచ్చిన్రు. వినీత్ కొరడా తీసిండు. ఉన్నితోని అల్లింది సార్, సవరం లెక్కుంది. వాడు ఊపితే డబ్బాలకెల్లి ఠప్పుమని సప్పుడు. సప్పుడు ముందొచ్చె, కొరడా ఎన్కొచ్చె. రత్నసాని యేషమేసిన పిల్లకు అది తాకనే తాకలే. జనం నవ్విన్రు. దెబ్బల పాటకు నవ్విన్రు సార్, మా బాపు ఫోటో ఆడ ఉండంగ."

"నవ్వితే తలకాయలు పగులుతయా?"

"నారయ్య తాత లేసి, దెబ్బ పడలే, మళ్ల కొట్టు అని మొత్తుకున్నడు. ఎన్కోళ్లు అందుకున్నరు. దెబ్బ పడాలె, దెబ్బ పడాలె అని ఒకటే మోత. శ్రీపాల్ పటేల్ మైకు పట్టుకొని కూసోన్రి అన్నడు. ఆయన మీదికి కుర్చీ ఇసిరిన్రు, అది టీవీ తెరకు తాకి తెర పలిగింది. పటేల్ మనుషులు కర్రలు పట్టుకొని దిగిన్రు. నారయ్య తాతకు మొఖం మీదనే కొట్టిన్రు, పండ్లు రాలి ఒళ్లె పడ్డయ్. హార్మోనియం ఎత్తి కిందేసి తొక్కిన్రు ఎవలో. మద్దెల చినిగింది. గాజు పెంకుల మీద పడి ఒగడు చెయ్యి కోసుకున్నడు. ఇంత జరుగుతున్నా డబ్బాల పాట నడుస్తనే ఉన్నది సార్."

"అప్పుడు నువ్వేం చేస్తున్నవ్?"

"స్టేజి ఎక్కిన."

"ఎందుకు?"

"చూపెడదామని."

"ఏం చూపెడదామని?"

"ఎట్ల కొట్టాల్నో."

"దేనితోని చూపెట్టినవ్?"

"సార్, గా లొల్లిల..."

"దేనితోని మల్లేష్?"

"బెల్టుతోని."

"రత్నసాని యేషమేసిన గా భవితకు పంతొమ్మిదేండ్లు. ఇంజనీరింగ్ చదువుతున్నది. ఇప్పుడే పక్క వార్డుల చూసొచ్చిన. బెల్టు బిల్ల బుజంల దిగి మాంసం లేసింది. వీపు మీద వాతలు తేలినయ్. బోర్ల పండుకొని ఉన్నది, మాట్లాడుతలేదు."

"ఒక్కటే కొడదామనుకున్న సార్. ఒట్టు. మొదటి దెబ్బకు హాలంత సప్పట్లు గొట్టిన్రు. తన్నుకుంటున్నోళ్లు గూడ ఆగి చూసిన్రు. బుగ్గయ్య కొడుకురా అన్నరు. గంతే, నాకు ఇంకేం ఇనపడలే."

"నాలుగు కొట్టినవ్."

"తర్వాత ఎవలో వైర్లు గుంజిన్రు, లైట్లు పోయినయ్. చీకట్ల వినీత్ మైకు స్టాండుతోని నా తలకాయ మీద కొట్టిండు. కండ్లు తెరిచేసరికి ఈడున్న."

"నీ మీద కేసు ఎట్లనో ఉంటది. భవిత మేనమామ ఫిర్యాదు కాయిదం ఇచ్చిండు. వినీత్‌ను నిన్నటిసంది ఠాణాల కూసోబెట్టినం. నువ్వు వాని పేరు చెప్పి సంతకం పెడ్తే హత్యాయత్నం కేసు అయితది. ఇయ్యాలనే జైలుకు పోతడు."

"పెడ్త సార్. యాడ పెట్టాలె?"

"గా పిలగాడు ఏమంటున్నడు సారు?"

"కొట్టలేదంటున్నడు పెద్దమ్మా. అందరు గట్లనే అంటరు."

"ఠాణాల కొట్టిన్రా వాన్ని?"

"అడిగే తీర్ల అడిగిన్రు."

"కొట్టిన్రన్నట్టు."

"పెద్దమ్మా, నీ కొడుకు తలకాయ పలిగింది. నువ్వు వాని గురించి ఎందుకు ఫికర్ చేస్తున్నవ్?"

"వాడు కాదు సారు."

"అమ్మా, నువ్వు ఊకో."

"ఆగు మల్లేష్. పెద్దమ్మా, చీకట్ల నువ్వు చూసినవా?"

"గా మైకు కడ్డి మస్తు బరువుంటది. కింద గుండ్రటి ఇనుప బిల్ల ఉంటది. రెండు చేతుల ఎత్తాల్సొచ్చింది."

"ఎవలు ఎత్తిన్రు?"

"రెక్కలు ఇంకా గుంజుతున్నయ్ సారు. జావ గిన్నె పట్టుకొస్తలేదు."

"అమ్మా..."

"నేనే కొట్టిన కొడుకా."

"సార్, గిది రాయకున్రి. గా పిలగాన్ని చూసి జాలిపడి అంటున్నది. ముసల్ది సార్, ఏమన్నదో దానికే తెలువదు."

"తెలిసే అంటున్న. సారు, రత్నసాని ఆట నేను పన్నెండేండ్లు ఆడిన, ఒక్కనాడు చూడలే. నిన్ననే మొదటిపారి కింద కూసొని చూసిన. ఉన్ని కొరడా తీస్తే అందరు నవ్విన్రు. నాకు ఏడుపాగలే. ఉన్నితోని గూడ ఆడొచ్చని అప్పుడు ఒక్కలన్న చెప్తే అయిపోతుండె గద అనిపిచ్చింది."

"అంటే పెద్దమ్మా, కందుకూర్ల... అది నిజంగనే..."

"ఎద్దు తోలుది సారు. నాలుగు పాయల కొరడా. మీరు వన్స్‌మోర్ అన్నప్పుడల్ల ఆయన నా దిక్కు చూసి నవ్వేటోడు. పాట నడుమ గొంతు తెగితే ఇంటికి పోయినంక మళ్ల దెబ్బలుంటుండె."

"నేను తొమ్మిదేండ్ల పోరన్ని పెద్దమ్మా."

"మీ నాయిన కాదు గద."

"అమ్మా, ఏం మాటలవి? బాపు కళాకారుడు. ఆటల పడితే ఆయనకు ఒళ్లు తెలుస్తలేకుండె. ఊరంత చెప్తరు..."

"నీ పెండ్లాం పుట్టింటికి ఎందుకు పోయిందో సారుకు చెప్పు."

"గది ఇప్పుడెందుకు?"

"చెప్పు."

"సార్, ఇంటి ముచ్చట్లు ఈడ..."

"నా కోడలు తిరుమలకు చెయ్యి ఇరిగింది సారు. వీడే ఇరగ్గొట్టిండు. నెలయింది. నేను గా అర్రలనే ఉన్న. పొయ్యి కాడ కూసొని సప్పుడు జెయ్యలే. రెండోనాడు బస్సెక్కిచ్చి పుట్టింటికి తోలిన, రాకు బిడ్డా అని."

"సరే పెద్దమ్మా. నిన్న ఏం జరిగింది? అది చెప్పు."

"వీడు బెల్టు తియ్యంగనే గా పిల్ల ఉరుకుతదని చూసిన. స్టేజి దుంకుతదని చూసిన. ఉరకలే సారు. పాట ఆగలే గద, పాటకు నోరాడిచ్చుకుంటనే తల ఒంచింది. అచ్చం నా లెక్కనే ఒంచింది. నేను లేసిన. మోకాళ్లు సహకరియ్యలే, మెట్లెక్కేసరికి నాలుగు దెబ్బలు అయిపోయినయ్. లైట్లు పోయినయ్. చీకటయినా ఏమాయె, కొట్టేటోడు నిలబడే తీరు నాకెరుకే. ఎడమ కాలు ముంగటికేసి నిలబడుతడు. గా మనిషి నా కొడుకని నాకు అప్పుడు యాదికి రాలే సారు."

జగదీశ్వర్ కలం మూత పెట్టి, మళ్లీ తీశాడు.

"ఇను పెద్దమ్మా. అరవై దాటినయ్ నీకు. నువ్వు చెప్పింది రాస్తే నేను నిన్ను తీస్కపోవాలె. వినీత్‌ను ఇడిసిపెడ్త, నువ్వు నిమ్మలంగుండు. చీకట్ల మల్లేష్ కాలు జారి స్టేజి మీదికెల్లి పడ్డడు, మైకు స్టాండు తలకు తాకింది. గట్ల రాస్త. నీకు ఒప్పేనా మల్లేష్?"

"ఒప్పే సార్. పడ్డ. నేనే పడ్డ. తల్లి కొట్టిందంటే కంపెనీల మొఖం ఎట్ల చూపెడ్త."

"అయిపోయింది. ఇగో పెద్దమ్మా, ఈడ సాక్షి కింద ఏలిముద్ర ఎయ్యి."

"వద్దు సారు."

"ఎందుకు వద్దు? అందరికి మంచిగయితది గద."

"వీళ్ల బాపు సచ్చిననాడు గూడ గట్లనే రాసిన్రు సారు, చీకట్ల కాలు జారి బాయిల పడ్డడని. ఏలిముద్ర నేనే ఏసిన. ఆయన గూడ పడలే."